ఎవరికిస్తే సాయం, ఎవరికిస్తే ఉచితం? సర్కారు సొమ్ముపై జనాభిప్రాయాన్ని చదివే పద్ధతి

నల్లగొండ జిల్లా వేములపల్లి మండలం నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది ప్రాంతం. ఒకవైపు మిర్యాలగూడ రైస్ మిల్లులు, ఇంకోవైపు సూర్యాపేట, కోదాడ దారులు, కొంచెం ముందుకెళ్తే హుజూర్‌నగర్, మట్టంపల్లి, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలు. వరి నాట్లు, కోతల సీజన్‌లో ఇక్కడి ఏ టీ హోటల్ దగ్గర నిలబడినా ఒక మాట వినిపిస్తుంది: "ఫిరీగ బియ్యం వస్తుంటే కూలికి ఎవడొస్తడు?" మిల్లులకు, ఫ్యాక్టరీలకు సర్కారు నుంచి ఏమొస్తుందన్న చర్చ మాత్రం అదే బెంచీ మీద దాదాపు వినిపించదు.

ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోంది? పేదలకు అందే సాయాన్ని, పరిశ్రమలకు అందే సాయాన్ని జనం వేర్వేరు కళ్లతో ఎందుకు చూస్తున్నారు? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సంబంధించిన చట్టాలు, పథకాలు, అంకెలు, పరిశోధనలను ఒకచోట చేర్చే ప్రయత్నం. గ్రామసభల్లో, కాలేజీల్లో, జిల్లా ఆఫీసుల్లో ఈ వాదన ఎదుర్కొనే కార్యకర్తలకు, విద్యార్థులకు పనికొచ్చేలా రాస్తున్నాం. మా వాదన ఒక్క ముక్కలో ఇది: సాయం ఎంత అన్నదాని కంటే, అది ఏ దారిలో వస్తోంది, దానికి ఏ పేరు పెట్టారు, చివరికి అందుకునే చెయ్యి ఎవరిది అన్న మూడు విషయాలే జనాభిప్రాయాన్ని ఎక్కువగా నిర్ణయిస్తున్నాయి.

పేరులోనే తీర్పు

ముందు మాటలు చూద్దాం. పేదలకు ఇస్తే ఉచితం, తాయిలం, పంపకం. పరిశ్రమకు ఇస్తే ప్రోత్సాహకం, రాయితీ, మినహాయింపు. పేదవాడు అప్పు కట్టకపోతే ఎగవేత. కంపెనీ కట్టకపోతే రుణ పునర్వ్యవస్థీకరణ. రేషన్ బియ్యం అమ్ముకుంటే దుర్వినియోగం. మిల్లు నుంచి సర్కారుకు రావాల్సిన బియ్యం గడువులోగా రాకపోతే బకాయి, ఆపైన గడువు పొడిగింపు. లెక్క చూడకముందే మాట తీర్పు చెప్పేస్తోంది.

ఈ మాటలకు పై స్థాయి నుంచి కూడా బలం దొరికింది. 2022 జులై 16న ఉత్తరప్రదేశ్‌లోని జాలౌన్‌లో బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌వే ప్రారంభిస్తూ ప్రధాని నరేంద్ర మోదీ 'రేవడీ సంస్కృతి' దేశానికి ప్రమాదమన్నారు. రేవడీ అంటే పండుగకు పంచే నువ్వుల మిఠాయి. ఆ ఒక్క మాటతో సంక్షేమం మిఠాయి పంపకంగా మారిపోయింది. అంతకుముందే, 2013 జులై 5న సుబ్రమణియం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు, మేనిఫెస్టోలో ఇచ్చే హామీలు ఎన్నికల చట్టం కింద అవినీతి చర్యలు కావని చెప్పింది. అదే అంశంపై కొత్తగా వచ్చిన పిటిషన్లను 2022 ఆగస్టు 26న జస్టిస్ ఎన్.వి. రమణ నేతృత్వంలోని ధర్మాసనం ముగ్గురు న్యాయమూర్తుల బెంచీకి పంపింది. 2025 ఫిబ్రవరి 12న, పట్టణాల్లో ఇల్లులేని వాళ్ల ఆశ్రయాల కేసు విచారణలో, ఉచితాల వల్ల పరాన్నజీవుల వర్గాన్ని తయారు చేస్తున్నామా అని జస్టిస్ బి.ఆర్. గవాయ్ ప్రశ్నించారు. అది తీర్పు కాదు, విచారణలో నోటి మాట. అయినా మర్నాడు పత్రికల్లో పెద్ద శీర్షిక అదే. చలికి రోడ్డు మీద పడుకునే వాళ్ల కేసులో ఆ మాట రావడం గమనించాల్సిన విషయం. పన్ను తగ్గింపుల గురించో, పరిశ్రమలకు ఇచ్చే భూముల గురించో ఇలాంటి ప్రశ్న ఇంత గట్టిగా ఎప్పుడు వినిపించింది?

సాయం వచ్చే దారులు

బ్రిటన్ సామాజిక విధాన పండితుడు రిచర్డ్ టిట్మస్ 1955లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో సంక్షేమం మూడు దారుల్లో నడుస్తుందన్నాడు. ఒకటి పింఛన్, బడి, ఆస్పత్రి లాంటి నేరుగా కనిపించే సంక్షేమం. రెండోది పన్ను మినహాయింపుల రూపంలో వచ్చేది. మూడోది ఉద్యోగం ద్వారా వచ్చే సౌకర్యాలు. మొదటిదాన్నే జనం సంక్షేమం అంటారని, మిగతా రెండూ మధ్యతరగతికి, సంపన్నులకు ఎక్కువ అందుతున్నా లెక్కలోకి రావని అతని వాదన. మన దగ్గర ఈ జాబితాను కొంచెం పొడిగించాలి.

మొదటి దారి నేరుగా ఇచ్చేది: రేషన్ బియ్యం, ఆసరా పింఛన్, ఫీజు రీయింబర్స్‌మెంట్, రైతుభరోసా. దీనికి జాబితా ఉంటుంది, క్యూ ఉంటుంది, వేలిముద్ర ఉంటుంది. అందరికీ కనిపిస్తుంది.

రెండో దారి పన్ను. 2019 సెప్టెంబర్ 20న కేంద్రం కార్పొరేట్ పన్ను మూల రేటును ఇతర మినహాయింపులు తీసుకోని కంపెనీలకు 30 శాతం నుంచి 22 శాతానికి, కొత్త తయారీ కంపెనీలకు 15 శాతానికి తగ్గించింది. దీనివల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్ల రూపాయల ఆదాయం తగ్గుతుందని ప్రభుత్వమే అంచనా చెప్పింది. 2024–25 బడ్జెట్లో గ్రామీణ ఉపాధి హామీకి కేటాయించింది 86,000 కోట్లు. ఈ రెండో అంకె మీద ప్రతి ఏడాది చర్చ జరుగుతుంది. మొదటిది ఒక్కరోజు వార్త. కారణం సులువు: ఖజానాలోంచి తీసి ఇస్తే ఖర్చు, ఖజానాకు రావాల్సింది వదిలేస్తే సంస్కరణ.

మూడో దారి నేరుగా పరిశ్రమకు ఇచ్చే ప్రోత్సాహకం. ఉత్పత్తితో ముడిపెట్టిన పీఎల్ఐ పథకం కింద 14 రంగాలకు 1.97 లక్షల కోట్లు ప్రకటించారు. తెలంగాణలో 2014 నాటి టీ-ఐడియా విధానం కింద స్టాంపు డ్యూటీ తిరిగి ఇవ్వడం, పెట్టుబడి సబ్సిడీ, కరెంటు యూనిట్‌పై రాయితీ, పన్నులో కొంత వాపసు ఉన్నాయి.

నాలుగో దారి బ్యాంకు. 2014–15 నుంచి తొమ్మిది ఆర్థిక సంవత్సరాల్లో వాణిజ్య బ్యాంకులు 14.56 లక్షల కోట్ల రూపాయల మొండి బకాయిలను రైటాఫ్ చేశాయని, అందులో పెద్ద పరిశ్రమలు, సేవారంగానివి దాదాపు 7.41 లక్షల కోట్లని 2023 ఆగస్టులో కేంద్రం లోక్‌సభకు చెప్పింది. ఇక్కడ మన వైపు నుంచి ఒక జాగ్రత్త అవసరం. రైటాఫ్ అంటే మాఫీ కాదు. ఖాతా పుస్తకంలోంచి తీసేసినా వసూలు ప్రయత్నం సాగుతుంది. అదే జవాబులో రైటాఫ్ చేసిన మొత్తం నుంచి వసూలైంది సుమారు 2.04 లక్షల కోట్లని కూడా ఉంది. అంటే వసూలైంది ఏడో వంతు. "మాఫీ చేశారు" అని మనం అంటే ఎదుటివాళ్లు ఆ ఒక్క మాట పట్టుకుని మొత్తం వాదనను కొట్టేస్తారు. వసూలు లెక్క చెబితే చాలు.

ఐదో దారి భూమి, నీళ్లు, కరెంటు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖపట్నం రుషికొండలో 21.16 ఎకరాలను నామమాత్రంగా 99 పైసలకు టీసీఎస్‌కు ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. 1,370 కోట్ల పెట్టుబడి, 12,000 ఉద్యోగాలు వస్తాయన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. అదే రాష్ట్రంలో 2020 డిసెంబర్‌లో పేదలకు ఇచ్చిన ఇంటి జాగాలు పల్లెల్లో ఒకటిన్నర సెంటు, పట్నాల్లో ఒక సెంటు. సెంటు భూమి మీద ఏళ్ల తరబడి కోర్టుల్లో, టీవీల్లో వాదనలు నడిచాయి.

ఒక వడ్ల బస్తా కథ

ఈ దారులన్నీ ఒక్కచోట కలిసే సరుకు మన మండలంలోనే ఉంది. అది వడ్లు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లను మద్దతు ధరకు సర్కారు కొంటుంది. వాటిని కస్టమ్ మిల్లింగ్ కోసం మిల్లుకు పంపుతుంది. క్వింటాల్ వడ్లకు మిల్లు తిరిగి ఇవ్వాల్సింది పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు. కేంద్రం చాలాకాలంగా లెక్కగట్టే మిల్లింగ్ చార్జీ క్వింటాల్‌కు పచ్చి బియ్యానికి 10 రూపాయలు, ఉప్పుడు బియ్యానికి 20 రూపాయలు. ఇది తక్కువేనని మిల్లర్లు అంటారు. నిజమే, కానీ తవుడు, ఊక, మిగిలే నూక మిల్లుకే ఉంటాయి. తవుడు నూనె ఫ్యాక్టరీకి పోతుంది, ఊక బాయిలర్‌కు పోతుంది. చార్జీని అంత తక్కువగా పెట్టడానికి వాటి విలువను లెక్కలోకి తీసుకోవడమే కారణం.

ఇప్పుడు ఈ బస్తా ఎవరెవరి చేతులు దాటిందో చూడండి. రైతుకు మద్దతు ధర, ఐకేపీ కేంద్రానికి కమీషన్, హమాలీకి కూలి, లారీకి కిరాయి, మిల్లుకు పని, గోదాముకు అద్దె, రేషన్ డీలర్‌కు కమీషన్. ఆఖరున మాదిగవాడలోనో మాలవాడలోనో ఒక ఇంటికి మనిషికి ఆరు కిలోల చొప్పున బియ్యం. ఇన్ని చేతుల్లో సర్కారు సొమ్ము తిన్నవాడని పేరు పడేది ఆ చివరి ఇంటికే. మధ్యలో ఉన్నవాళ్లంతా వ్యాపారం చేసుకున్నవాళ్లు. పేదల బియ్యం పథకం లేకపోతే ఇంత ధాన్యం కొనే సర్కారే ఉండదు. ఇంత ధాన్యం కొనే సర్కారు లేకపోతే మిర్యాలగూడ మిల్లుల్లో చాలా భాగం ఇంత పని చూడదు. తినేవాడి మీద మిల్లు ఎంత ఆధారపడిందో చెప్పే మాట మన వాడుకలో లేదు.

రెండు రూపాయలకు కిలో బియ్యం 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం మొదలుపెట్టినప్పటి నుంచి జనం సోమరులవుతారన్న విమర్శ ఉంది. దొడ్డు బియ్యం కొందరు అమ్ముకున్న మాట వాస్తవం. తినలేని బియ్యం ఇచ్చి, తినకపోతే అవసరమే లేదనడం ఒక తరం పాటు నడిచింది. 2025 మార్చి 30న ఉగాది రోజు హుజూర్‌నగర్‌లో రేషన్‌పై సన్నబియ్యం పంపిణీ మొదలైంది. ఈ ప్రాంతం రైతు పండించిన సన్నాలు ఈ ప్రాంతం కూలీ పళ్లెంలోకి రావడానికి రెండు రూపాయల బియ్యం తర్వాత నలభై ఏళ్లకు పైగా పట్టింది. ఇంకోవైపు, 2022–23 యాసంగి ధాన్యం లక్షల టన్నులు మిల్లుల్లోనే ఉండిపోయి, 2024 జనవరిలో 35 లక్షల టన్నులకు రాష్ట్రం టెండర్లు పిలవాల్సి వచ్చింది. దాని వెనుక నూక శాతం, ఎఫ్‌సీఐ నిబంధనలు లాంటి అసలైన చిక్కులు కొన్ని ఉన్నాయి. మిల్లర్ల చిక్కులను జనం అర్థం చేసుకున్నారు. దొడ్డు బియ్యం తినలేని ఇంటి చిక్కును ఎందరు అర్థం చేసుకున్నారు?

అవే పది లక్షలు

కులం ఎక్కడ పనిచేస్తుందో చూడాలంటే రైతుబంధు, దళితబంధు పక్కపక్కన పెట్టాలి. రెండూ ఒకే ప్రభుత్వం తెచ్చినవి. రెండిటికీ వేదిక హుజూరాబాదే.

రైతుబంధు 2018 మే 10న మొదలైంది. సీజన్‌కు ఎకరాకు 4,000, తర్వాత 5,000 రూపాయలు. అంటే ఏడాదికి ఎకరాకు 10,000. భూమికి పరిమితి పెట్టలేదు. పాస్‌బుక్ ఉంటే చాలు, సాగు ఎవరు చేస్తున్నారన్నది అడగలేదు. కౌలు రైతుకు రాలేదు, కూలీకి రాలేదు. లబ్ధిదారుల్లో అత్యధికులు చిన్న, సన్నకారు రైతులేనన్నది నిజం, వాళ్లకు అది అవసరమైన సాయమే. కానీ 20 ఎకరాల ఆసామి లెక్క చూడండి. ఏడాదికి 2 లక్షలు. ఐదేళ్లకు 10 లక్షలు.

దళితబంధు 2021 ఆగస్టులో మొదలైంది. కుటుంబానికి ఒక్కసారి 10 లక్షలు, బ్యాంకు అప్పుతో ముడి లేకుండా. వాసాలమర్రిలో 76 కుటుంబాలతో మొదలై హుజూరాబాద్ నియోజకవర్గం, తర్వాత నాలుగు మండలాలకు వచ్చింది. వాటిలో ఒకటి మన పక్కనే ఉన్న సూర్యాపేట జిల్లా తిరుమలగిరి. 2022–23 బడ్జెట్లో 17,700 కోట్లు పెట్టారు, ఖర్చు మాత్రం కేటాయింపుకు చాలా దూరంలో ఆగిపోయింది.

రెండు చోట్లా మొత్తం అవే పది లక్షలు. ఒకదానికి పెట్టుబడి సాయం అని పేరు. రెండోదానికి మొదటి రోజు నుంచీ ఎన్ని ప్రశ్నలు! కారు కొన్నాడు, నడుపుతాడా? ట్రాక్టర్ అమ్మేస్తాడేమో? డెయిరీ నడపడం వీళ్లకు వచ్చా? వాళ్లకే ఎందుకు, మాకెందుకు లేదు? భూమి ఆసామి ఆ రెండు లక్షలతో పిల్లల ఫీజు కట్టాడా, హైదరాబాద్‌లో ప్లాటుకు బయానా ఇచ్చాడా అని ఎవరూ అడగలేదు. దళితుడి చేతిలో పడిన రూపాయికి లెక్క చెప్పాలి, భూమి ఉన్నవాడి చేతిలో పడిన రూపాయి ఆయన సొంతం. జనాభిప్రాయంలో కులం పని చేసే చోటు ఇదే. తిట్టు రూపంలో కనిపించదు, లెక్క అడిగే అధికారం రూపంలో కనిపిస్తుంది.

దళితబంధులో తప్పులు లేవని మేము అనడం లేదు. లబ్ధిదారుల ఎంపిక ఎమ్మెల్యేల చేతికి పోయింది. కొందరు ఎమ్మెల్యేలు వసూళ్లు చేశారని, ఆ జాబితా తన దగ్గర ఉందని 2023 ఏప్రిల్‌లో సొంత పార్టీ సమావేశంలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ హెచ్చరించినట్టు పత్రికలు రాశాయి. కానీ ఆ తప్పు ఎవరిది? తీసుకున్న చెయ్యిదా, ఇస్తూ కోత కోసిన చెయ్యిదా? బయట వినిపించే విమర్శలో ఈ రెండూ కలిసిపోయాయి, మచ్చ మాత్రం తీసుకున్నవాళ్ల మీదే మిగిలింది. 2023 ఆగస్టులో చేవెళ్ల డిక్లరేషన్‌లో కాంగ్రెస్ అంబేద్కర్ అభయహస్తం పేరుతో 12 లక్షలు ఇస్తామంది. ఆ హామీ గురించి అడిగేటప్పుడు ఎంపిక పద్ధతి గురించి కూడా అడగాలి.

2025 జనవరి 26న మొదలైన రెండు పథకాల్లోనూ ఇదే గీత కనిపిస్తుంది. రైతుభరోసా కింద ఏడాదికి ఎకరాకు 12,000. ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద భూమిలేని ఉపాధి కూలీ కుటుంబానికి ఏడాదికి 12,000. భూమి ఉన్న ఇంటికి ప్రతి ఎకరాకు వచ్చేది, భూమిలేని ఇంటికి ఇల్లంతటికీ కలిపి వస్తుంది. పైగా కూలీ ఇల్లు కనీసం 20 రోజులు ఉపాధి పని చేసినట్టు చూపాలి. భూమి ఉంటే పని చూపనక్కరలేదు.

పరిశ్రమల వైపు కూడా ఒక ఉదాహరణ ఉంది. టీ-ఐడియా కింద చిన్న పరిశ్రమకు పెట్టుబడిలో 15 శాతం, 20 లక్షలు మించకుండా సబ్సిడీ. ఎస్సీ, ఎస్టీల కోసం తెచ్చిన టీ-ప్రైడ్‌లో 35 శాతం, 75 లక్షల వరకు. కాగితం మీద దళితుడికే ఎక్కువ. కానీ ఈ సబ్సిడీ పెట్టుబడి పెట్టిన తర్వాత వచ్చేది. ముందు జాగా, బ్యాంకు అప్పు, మార్జిన్ సొమ్ము ఉండాలి. మూడూ లేనివాడికి 35 శాతం ఎంతకు సమానం? దళితబంధు బ్యాంకుతో ముడి లేకుండా రావడం వెనుక ఉన్న తర్కం ఇదే. దాన్ని ఉచితం అన్నవాళ్లు ఈ ప్రశ్నను దాటేశారు.

కూలి రేటు అసలు గొడవ

"కూలీలు దొరకడం లేదు" అన్న ఫిర్యాదును కేవలం దురభిప్రాయంగా తీసిపారేయకూడదు. దాని వెనుక ఒక ప్రయోజనం ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ ప్రారంభమైంది. ఊళ్లోనే ఇంకో పని ఉందంటే కూలీకి బేరమాడే బలం వస్తుంది. ఆసామి చెప్పిన రేటుకు వెళ్లక తప్పని పరిస్థితి కొంత తగ్గుతుంది. 2011లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి శరద్ పవార్ సీజన్ రోజుల్లో ఉపాధి పనులు ఆపాలని ప్రధానికి రాశారు. ఉపాధి హామీని వ్యవసాయానికి అనుసంధానించాలని తెలంగాణలో కేసీఆర్ ప్రభుత్వం కూడా కోరుతూ వచ్చింది. చిన్న రైతు బాధ నిజమైనదే. ఎరువు, డీజిల్, కోత మిషన్ కిరాయి పెరిగినప్పుడు అతని చేతిలో ఉన్న ఒకే ఖర్చు కూలి. కానీ ఎరువు కంపెనీని ఏమీ అనలేక కూలీని అంటున్నాడు. పేదల సాయం మీద కోపంలో ఒక భాగం నిజానికి కూలి రేటు మీద కోపం. రేషన్ బియ్యం తిన్నందుకు కాదు, బియ్యం ఉండడం వల్ల కాదనగలిగినందుకు.

ఈ ప్రాంతంలో కూలీల్లో దళితుల వాటా ఎక్కువ, భూమిలో వాటా జనాభా వాటా కంటే తక్కువ. అందుకే కూలి గొడవ తొందరగా కుల గొడవగా మాట్లాడబడుతుంది.

వేరే దేశంలో ఇదే పాఠం

అమెరికాలో ఈ విషయం మీద దశాబ్దాలుగా సర్వేలు జరిగాయి. జనరల్ సోషల్ సర్వేలో ప్రభుత్వం "వెల్ఫేర్" మీద మరీ తక్కువ ఖర్చు చేస్తోందా అని అడిగితే అవునన్నవాళ్లు సుమారు నాలుగో వంతు. "పేదలకు సాయం" మీద అని మాట మార్చి అడిగితే దాదాపు మూడింట రెండొంతులు. విషయం ఒకటే, పేరు మారితే జవాబు మారింది. రాజనీతి శాస్త్రవేత్త మార్టిన్ గిలెన్స్ 1999 నాటి పుస్తకంలో దీని వెనుక జాతి ఉందని చూపాడు. వెల్ఫేర్ అనగానే తెల్లవాళ్లలో చాలామందికి నల్లజాతి మనిషి బొమ్మ మనసులో మెదులుతుంది, ఆ బొమ్మకు సోమరితనం అంటగట్టి ఉంటుంది. సుజాన్ మెట్లర్ 2011లో ఇంకో కోణం చూపింది. ఇంటి అప్పు వడ్డీపై పన్ను మినహాయింపు పొందినవాళ్లలో 60 శాతం మంది తాము ప్రభుత్వ సామాజిక పథకం ఏదీ ఎన్నడూ వాడుకోలేదని చెప్పారు. సాయం పన్ను కాగితంలో దాగి ఉంటే తీసుకున్నవాడికే అది సాయంగా తోచదు.

మన దగ్గరికి ఈ రెండు పాఠాలూ నేరుగా వర్తిస్తాయి. మనకు జాతి స్థానంలో కులం. ఇంటి అప్పు మీద పన్ను మినహాయింపు పొందే ఉద్యోగి, డబుల్ బెడ్రూం ఇంటికి దరఖాస్తు పెట్టుకున్న కూలీని ఉచితాల కోసం ఎగబడేవాడు అంటాడు. అబద్ధం ఆడుతున్నాడని కాదు. తనకు వచ్చింది అతనికి కనిపించదు.

ఎదుటి వాదనలో బలం ఎంత

మూడు వాదనలు గట్టిగా వినిపిస్తాయి. ఒకటి, పరిశ్రమకు ఇస్తే ఉద్యోగాలు వస్తాయి. కొన్నిసార్లు నిజంగానే వస్తాయి. పరిశ్రమ వద్దని దళిత ఉద్యమం అనాల్సిన అవసరం లేదు. అంబేద్కర్ 1947లో రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో కీలక పరిశ్రమలు ప్రభుత్వం చేతిలో ఉండాలన్నారు తప్ప పరిశ్రమలే వద్దనలేదు. మన ప్రశ్న ఇంతే: ఇన్ని ఉద్యోగాలు వస్తాయని చెప్పి తీసుకున్న సాయానికి, వచ్చిన ఉద్యోగాల లెక్క ఎవరు చూస్తున్నారు? అందులో స్థానికులు ఎందరు, ఎస్సీలు ఎందరు, కాంట్రాక్టు కింద ఎందరు?

రెండు, రాష్ట్రం అప్పుల్లో ఉంది. అయితే కోత ఎక్కడ పెట్టాలన్నది నిర్ణయమే కానీ, దానంతట అదే పేదల ఖాతాలో పడాలన్న సూత్రం లేదు. ఖర్చునూ వదులుకున్న ఆదాయాన్నీ ఒకే పట్టికలో పెట్టిన తర్వాతే కోత గురించి మాట్లాడాలి.

మూడు, పేదల పథకాల్లో అవినీతి ఉంది. ఉంది. బయటపడుతోంది కూడా, ఎందుకంటే వాటికి తనిఖీ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లోనే సామాజిక తనిఖీ కోసం ప్రత్యేక సొసైటీ ఏర్పాటు చేసింది. ఉపాధి కూలీ ఎన్ని రోజులు పనిచేసింది, ఎంత తీసుకుంది అన్నది గ్రామసభలో పేరుతో సహా చదువుతారు. ప్రోత్సాహకం తీసుకున్న పరిశ్రమ పేరు, మొత్తం, ఇస్తానన్న ఉద్యోగాలు అలా ఏ గ్రామసభలోనూ చదవరు. తనిఖీ జరిగేచోటే తప్పు దొరుకుతుంది, తప్పు దొరికిందే అవినీతిగా పేరు పడుతుంది.

సాయం ఇచ్చింది పేదవాడైనప్పుడు

ఇంకో విషయం చర్చలో దాదాపు రాదు. పరిశ్రమకు అందే సాయం కొన్నిసార్లు పేదల చేతుల్లోంచే పోతుంది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ కోసం 2000 దశకంలో తీసుకున్న భూముల్లో పేదల అసైన్డ్ భూములూ ఉన్నాయి. అసైన్డ్ భూమి ప్రభుత్వం ఇచ్చిందే కదా, ప్రభుత్వం తీసుకుంటే ఏమిటన్నది ఆఫీసుల్లో వినిపించే మాట. ఈ మాటను 2004లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో తోసిపుచ్చింది. ప్రజావసరం కోసం అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టా భూమి యజమానితో సమానంగా మార్కెట్ విలువ పరిహారం ఇవ్వాలని చెప్పింది. మన ప్రాంతంలో అసైన్డ్ భూమికి నోటీసు వచ్చినప్పుడు మొదట చేతిలో ఉండాల్సిన తీర్పు ఇది. పేదవాడు భూమి ఇచ్చి, పరిశ్రమ తక్కువ ధరకు తీసుకుంటే, ఆ లావాదేవీలో సబ్సిడీ ఇచ్చినవాడు పేదవాడే.

అడగాల్సిన లెక్క

జనాభిప్రాయం ఉపన్యాసంతో మారదు, కనిపించనిది కనిపించేలా చేస్తే కొంత మారుతుంది. దానికి చట్టం ఇప్పటికే ఉంది. సమాచార హక్కు చట్టం, 2005లో సెక్షన్ 4(1)(బి) కింద 12వ అంశం సబ్సిడీ పథకాల అమలు తీరు, మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు ప్రతి ప్రభుత్వ కార్యాలయం ఎవరూ అడగకుండానే ప్రకటించాలంటుంది. 13వ అంశం రాయితీలు, పర్మిట్లు పొందినవారి వివరాలు ప్రకటించాలంటుంది. చట్టం పేదలకూ పరిశ్రమలకూ తేడా చూపలేదు. తేడా అమలులో వచ్చింది.

కాబట్టి ఏ సాయం గురించి చర్చ వచ్చినా ఈ ఆరు ప్రశ్నలు వేయమని మా సూచన:

1. ఇది ఏ దారిలో వస్తోంది: నేరుగానా, పన్నులోనా, బ్యాంకులోనా, భూమి, కరెంటు రూపంలోనా?
2. ఒక్కో కుటుంబానికి లేదా సంస్థకు ఎంత?
3. ఏ షరతు మీద ఇచ్చారు, ఆ షరతు నెరవేరిందని ఎవరు చూశారు?
4. తీసుకున్నవాళ్ల పేర్లు ఎక్కడ ప్రకటించారు?
5. తీసుకోవడానికి ముందే ఏం ఉండాలి: భూమి, పాస్‌బుక్, బ్యాంకు అప్పు?
6. దీని భారం చివరికి ఎవరి మీద పడింది?

జిల్లా స్థాయిలో మొదటి అడుగు చిన్నదే. నల్లగొండ, సూర్యాపేట జిల్లా పరిశ్రమల కేంద్రాలకు దరఖాస్తు పెట్టి, కలెక్టర్ అధ్యక్షతన జరిగే జిల్లా పరిశ్రమల ప్రోత్సాహక కమిటీ గత ఐదేళ్లలో ఆమోదించిన ప్రోత్సాహకాల జాబితా అడగాలి. టీ-ప్రైడ్ కింద ఎందరికి మంజూరైంది, ఎందరికి సొమ్ము చేతికందింది అన్నది విడిగా అడగాలి. మంజూరుకూ చెల్లింపుకూ మధ్య ఏళ్లు గడవడం చిన్న పరిశ్రమ పెట్టిన దళితుడిని అప్పుల్లోకి తోసే విషయం. దానితోపాటు ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధి లెక్క. 2013 నాటి ఉపప్రణాళిక చట్టం స్థానంలో తెలంగాణ 2017లో తెచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం, జనాభా నిష్పత్తిలో, అంటే ఎస్సీలకు 15.45 శాతం నిధి ఇవ్వాలంటుంది. ఒక ఏడాది ఖర్చు కాకపోతే మరుసటి ఏడాదికి కలపాలంటుంది. అది ఎవరి దయా కాదు, శాసనసభ చేసిన చట్టం.

ఆ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి గ్రామసభలో చదివితే చాలు. ఉపాధి కూలీ పేరు, ఆమె తీసుకున్న మొత్తం ఎంత గట్టిగా చదువుతారో, ప్రోత్సాహకం తీసుకున్న సంస్థ పేరు, మొత్తం కూడా అంతే గట్టిగా చదవాలి. తర్వాత ఎవరిది హక్కు, ఎవరిది ఉచితం అన్నది జనమే తేల్చుకుంటారు. కనీసం అప్పుడు లెక్క చూసి తేల్చుకుంటారు.